కన్ను తెరిస్తే చాలదు, మెదడూ నేర్చుకోవాలి

పిల్లలూ, ముందు మీకో ప్రశ్న. పుట్టుకతో చూపు లేని ఒకాయన చేత్తో తడిమి ఏది బంతో, ఏది పాచికో చెప్పగలడు. ఆయనకు హఠాత్తుగా చూపు వస్తే, ముట్టుకోకుండా చూసి చెప్పగలడా?

1688లో ఐర్లండుకు చెందిన విలియం మోలినో ఈ ప్రశ్నను తత్వవేత్త జాన్ లాక్‌కు రాసి పంపాడు. ఎం.ఐ.టి. ప్రొఫెసర్ పవన్ సిన్హా ప్రారంభించిన ప్రాజెక్ట్ ప్రకాశ్, భారతదేశంలో చూపులేని పిల్లలకు ఆపరేషన్లు చేయించి, వాళ్ల చూపు ఎలా ఎదుగుతుందో గమనిస్తుంది. అలాంటి ఐదుగురిని, 8 నుంచి 17 ఏళ్ల వాళ్లను, పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ అయిన వెంటనే వాళ్లు చెప్పలేకపోయారు! మళ్లీ పరీక్షించినప్పుడు మాత్రం, కొందరు కొద్ది రోజుల్లోనే నేర్చేసుకున్నారు.

మా కంప్యూటర్ భాషలో చెప్పాలంటే కన్ను కెమెరా, మెదడు సాఫ్ట్‌వేర్. కాకపోతే ఈ సాఫ్ట్‌వేర్ ఏ సీడీలోనూ దొరకదు. చూస్తూ చూస్తూ తనను తానే రాసుకుంటుంది.

అందుకో గడువు కూడా ఉంది. 1960లలో హార్వర్డ్‌లో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజల్ పిల్లికూనల ఒక కన్ను కొన్ని వారాలు మూసి, తర్వాత తెరిచారు. మెదడులో ఆ కంటికి స్పందించే కణాలు దాదాపు మిగల్లేదు. పెద్ద పిల్లులకు మూస్తే ఆ నష్టం జరగలేదు. 1981లో వీరిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

మన హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థతో కలిసి జర్మన్ పరిశోధకులు 2013లో మరో సంగతి తేల్చారు. పుట్టు శుక్లాలు తీయించుకున్నవారికి చూపు వచ్చినా, ముఖాలు చూసినప్పుడు మెదడులో కలిగే ప్రత్యేక స్పందన కనబడలేదు.

మన ఇళ్లలో దీనికి దగ్గరి చుట్టం 'లేజీ ఐ'. మెల్లకన్ను ఉన్నా, రెండు కళ్ల పవర్‌లో బాగా తేడా ఉన్నా, మెదడు ఒక కంటిని పక్కన పెట్టేస్తుంది. రెండో కంటితో పని జరిగిపోతుంది కాబట్టి పిల్లలు చెప్పరు. 'మెల్లకన్ను అదృష్టం' అని మురిసిపోయి వదిలేయకండి. ఫ్లాష్ ఫోటోలో కంటిపాప తెల్లగా మెరిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. స్కూల్లో చేరకముందే రెండు కళ్లనూ విడివిడిగా పరీక్ష చేయించండి.

పిల్లలూ, మీ క్లాసులో ఎవరైనా కంటికి ప్యాచ్ పెట్టుకొస్తే ఆటపట్టించకండి. వాళ్ల మెదడు హోంవర్క్ చేస్తోంది!