సీటు కొనే ముందు కూర్చుని లెక్క చూడండి

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన నాటి నుండి మన పల్లెలకు కొత్త మనుషులు వస్తారు. కళాశాలల తరఫున పి.ఆర్.ఓ.లు మోటారు సైకిళ్లపై ఇల్లిల్లూ తిరుగుతారు. రంగురంగుల పుస్తకం ఒకటి చేతిలో పెడతారు. అందులో కోటు, టై తొడిగిన పిల్లల ఫోటోలు, ఫోటో కింద లక్షల్లో జీతాలు ఉంటాయి. "ఈ రోజే అడ్వాన్సు కట్టండి, రేపటికి సీటుండదు" అని తొందర పెట్టి వెళ్లిపోతారు.

ఆ రాత్రి అన్నాలు తిన్నాక ఆ ఇంట్లో ఒక లెక్క మొదలవుతుంది. అమ్మ కమ్మలు తాకట్టు పెడితే ఎంత వస్తుంది? పాలిచ్చే రెండావులను అమ్మితే ఎంత? చీటీ పాడితే ఎంత? చివరికి, బావి కింద ఉన్న ఆ అర ఎకరం?

ప్రియులారా, ఇది సగం లెక్క మాత్రమే. ఎంత తేగలమన్నది చూస్తున్నాము గాని, తెచ్చినది ఏ దారిన తిరిగి వస్తుందో చూడటం లేదు. లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టదలచిన మనిషిని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానం మనకందరికీ తెలుసు. గోపురం కట్టడం తప్పని ఆయన చెప్పలేదు. పునాది వేయక ముందే కూర్చుని, చివరి రాయి వరకు అయ్యే ఖర్చు లెక్క చూసుకోమన్నాడు. పిల్లల చదువు విషయంలో మనం చేయవలసినది కూడా అదే.

ఉద్యోగాల సంగతి ఎలా ఉన్నది?

అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో మన దేశపు ఉపాధిపై ఒక నివేదిక వెలువరించాయి. దాని ప్రకారం 2022లో పట్టభద్రులైన యువతలో నిరుద్యోగం 29.1 శాతం. చదవడం, రాయడం రాని యువతలో అది 3.4 శాతం మాత్రమే. దీనిని చూసి చదువుకోకపోవడమే మేలని ఎవరూ అనుకోకూడదు. చదువు లేనివాడు ఖాళీగా కూర్చుంటే ఆ పూట పొయ్యి వెలగదు గనుక దొరికిన కూలికి పోతాడు. చదివినవాడు చదువుకు తగిన పని కోసం ఎదురుచూస్తాడు. ఎదురు చూసిన ఆ కాలమంతా అతని తల్లిదండ్రులే మోయాలి. ఆ అంకెలో మనం చూడవలసిన విషయం ఇదే.

సాఫ్ట్‌వేర్ సంగతి చూద్దాము. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టి.సి.ఎస్., ఇన్ఫోసిస్, విప్రో అనే మూడు పెద్ద కంపెనీలలో పనిచేసేవారి సంఖ్య మొత్తం మీద సుమారు 64,000 తగ్గింది. 2025లో టి.సి.ఎస్. మరో 12,000 మందిని తగ్గిస్తామని ప్రకటించింది. ఇలాంటి కంపెనీలలో కొత్తగా చేరేవారికి ఇచ్చే మామూలు జీతం ఏడాదికి మూడున్నర లక్షల దగ్గర పదేళ్లకు పైగా పెద్దగా కదలలేదు. ఈ పదేళ్లలో బియ్యం ధర, గది అద్దె మాత్రం ఆగలేదు.

మన సంఘాలలో ఎన్నో కుటుంబాలను నిలబెట్టిన ఉపాధ్యాయ ఉద్యోగం సంగతేమిటి? 2025లో జరిగిన మెగా డి.యస్.సి.లో 16,347 పోస్టులుంటే, మూడు లక్షలకు పైగా అభ్యర్థులు దరఖాస్తు చేశారు. దానికి ముందు నియామకాల దాకా వెళ్లిన డి.యస్.సి. నోటిఫికేషన్ 2018 నాటిది. అంటే బి.ఇడి. చేసినవారు ఏడు సంవత్సరాలు ఎదురు చూడవలసి వచ్చినది.

మరి ఇన్ని సీట్లు ఎలా వచ్చాయి? 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినందున, అంతవరకు కళాశాల గడప తొక్కని ఇళ్ల పిల్లలు ఇంజనీర్లయ్యారు. అది గొప్ప మేలు. అయితే దానితో పాటు కళాశాలలు కూడా పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఒక దశలో ఇంజనీరింగ్ కళాశాలలు 700 దాటాయి. తరువాత సీట్లు నిండక ఎన్నో మూతబడ్డాయి. అందరి చేతిలో ఉండే పట్టా రెండు రకాలుగా కనబడదు గాని, దాని వెనుక ఉన్న చదువులో నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉన్నది.

వడ్డీ లెక్క

ఇప్పుడు మన ఊరి లెక్కకు వద్దాము. ఒక తండ్రి మొదటి సంవత్సరమే మూడు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకొందాము. నెలకు ఆరు వేలు వడ్డీ, ఏడాదికి 72,000. నాలుగేళ్ల చదువు ముగిసేసరికి వడ్డీయే 2,88,000. అసలుతో కలిపి 5,88,000. పిల్లవాడికి బెంగుళూరులోనో చెన్నైలోనో నెలకు పదిహేను వేల ఉద్యోగం దొరికినదనుకొందాము. గది, తిండి, బస్సు పోను కడుపు కట్టుకొని ఐదు వేలు ఇంటికి పంపుతాడు. అది అసలు మూడు లక్షల మీద వడ్డీకే వెయ్యి తక్కువ! అసలు అలాగే ఉంటుంది.

అదే మూడు లక్షలు బ్యాంకులో ఏడాదికి పది శాతం చొప్పున విద్యారుణంగా తీసుకొంటే నాలుగేళ్ల బారు వడ్డీ 1,20,000. తేడా 1,68,000. ఒక పాడి ఆవును అమ్మకుండా నిలుపుకోవడానికి ఆ తేడా చాలు.

అప్పు డబ్బుతోనే ఆగదు. సంఘంలోని ఒక తండ్రి నాతో అన్నమాట ఇది: "అయ్యగారూ, నేల పోయిందని నాకు బాధ లేదు. పిల్లోడు పండక్కి కూడా ఇంటికి రావడం లేదు. వస్తే అందరూ ఉద్యోగం సంగతి అడుగుతారని సిగ్గుపడతా ఉండాడు." ఆ కుమారుడు చెడు తిరుగుళ్లు తిరిగినవాడు కాదు. పరీక్షలన్నీ పాసైనవాడే. తన కోసం పోయిన నేల ఎదుట ముఖం చూపలేకున్నాడు. బిడ్డ మీద ప్రేమతో తెచ్చిన అప్పు ఆ బిడ్డనే ఇంటికి దూరం చేస్తే, ఆ గోపురంలో ఎవరు కాపురం ఉంటారు?

అయితే చదువు మానిపించాలా?

ఎంత మాత్రం కూడదు. మన తాతముత్తాతలలో అనేకులకు పలక పట్టే వీలు కూడా లేని రోజులుండేవి. 1853లో ఏర్పడిన ఆర్కాట్ మిషన్ వంటి సంస్థలు ఈ ప్రాంతంలో బడులు, బోర్డింగులు తెరచినందుకే మనలో అక్షరం నిలిచింది. ఆ అక్షరం వల్లనే తల ఎత్తుకొని నడవగలుగుతున్నాము. చదువు జీతం కోసమే కాదు. చదివిన బిడ్డ కాగితం చదివి సంతకం పెడుతుంది, ఆఫీసులో నిలబడి అడుగుతుంది, తన పిల్లలను బడికి పంపుతుంది. దీనికి వెల కట్టలేము.

కాని చదువు వేరు, సీటు వేరు. సీటును డబ్బిచ్చి కొనవచ్చు. చదువును ఎవరూ కొనలేరు. మన చిత్తూరుకు ఆనుకొని ఉన్న వెల్లూరును చూడండి. ఐడా స్కడ్డర్ 1900లో అక్కడ ఒకే ఒక్క మంచంతో వైద్యశాల ఆరంభించారు. 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల మొదలైనవి. సంఘాలు తమ తరఫున విద్యార్థులను పంపడం, చదువు ముగిశాక వారు మిషన్ ఆసుపత్రులలో కొంతకాలం సేవ చేయడం అక్కడి పద్ధతి. ఈ చదువు ఎవరికి అక్కరకు వస్తుంది, ముగిశాక ఎక్కడ పని చేయాలి అన్న ప్రశ్నకు జవాబు చేరక ముందే ఉన్నది. మన పిల్లల ప్రతి చదువుకూ ఈ ప్రశ్న వేయవచ్చును.

తక్కువ ఖర్చుతో ఉన్న దారులు

పదవ తరగతి తరువాతనే కొన్ని మంచి దారులు ఉన్నాయి. గ్రామీణ పిల్లల కోసం 2008లో స్థాపించిన ఆర్.జి.యు.కె.టి. కళాశాలలలో, అనగా మనం ట్రిపుల్ ఐటీ అని పిలిచే ఇడుపులపాయ, నూజివీడు మొదలైన చోట్ల, పదవ తరగతి మార్కుల మీద ఆరేళ్ల చదువుకు చేర్చుకొంటారు. పాలిసెట్ వ్రాసి పాలిటెక్నిక్‌లో చేరితే మూడేళ్లలో డిప్లొమా వస్తుంది. తరువాత ఇసెట్ వ్రాసి బి.టెక్. రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. ఈలోగా పని దొరికితే పనికీ పోవచ్చు. ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, వెల్డరు వంటి ఐ.టి.ఐ. చదువులను చిన్నచూపు చూడకండి. సత్యవేడు వద్ద 2008లో ఆరంభమైన శ్రీసిటీలో, తిరుపతి దగ్గరి కర్మాగారాలలో ఇలాంటి చేతిపని వచ్చినవారికి అవసరం ఉన్నది. వాటిలో కాంట్రాక్టు ఉద్యోగాలు కూడా ఉన్నాయి గనుక, చేరే ముందు అది పర్మినెంటా కాదా అని అడగాలి. అపొస్తలుడైన పౌలు గొప్ప గురువు దగ్గర ధర్మశాస్త్రం చదివినవాడు. అయినను డేరాలు కుట్టే పని అతని చేతిలో ఉన్నది. ఆ పని అతనిని ఎవరికీ భారం కాకుండా కాపాడింది.

ఇంటర్ తరువాత డిగ్రీ చదవాలంటే చిత్తూరులో పి.వి.కె.ఎన్. ప్రభుత్వ కళాశాల ఉన్నది. తిరుపతిలో 1954 నుండి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నుండి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. బాగా చదివే బిడ్డ అయితే ఏర్పేడు దగ్గరున్న ఐ.ఐ.టి. మనది కాదని అనుకోకండి. ఏ ఐ.ఐ.టి.లోనైనా కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉంటే బి.టెక్. ట్యూషన్ ఫీజు పూర్తిగా, ఐదు లక్షల లోపు ఉంటే మూడింట రెండు వంతులు తగ్గిస్తారు.

సంతకం పెట్టక ముందు

ఇంజనీరింగ్ సీటే కావాలనుకొంటే ఈ సంగతులు చూచుకోండి.

1. అది కన్వీనర్ కోటా సీటా, మేనేజ్‌మెంట్ కోటా సీటా? ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలలో నూటికి 70 సీట్లు కన్వీనర్ కోటావి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వాటికే. మేనేజ్‌మెంట్ సీటుకు పూర్తి ఫీజు మన చేతి నుండే పోతుంది.

2. ఆ కళాశాలలో కిందటి ఏడు చదువు ముగించిన పిల్లలు ఎక్కడ ఉన్నారు? పి.ఆర్.ఓ.ను కాదు, ఆ పిల్లలనే అడగండి. ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఎంత జీతం, ఒక ఏడాది తరువాత ఇంకా ఆ పనిలో ఉన్నారా అని అడగండి. పుస్తకంలో ఫోటో వేసిన ఒక్కరి సంగతి కాదు, ఫోటో లేని మిగిలినవారి సంగతి మనకు కావాలి.

3. హాస్టలు, బస్సు, పరీక్ష ఫీజు, పుస్తకాలు కలిపి నాలుగేళ్ల మొత్తం ఎంత? ట్యూషన్ ఫీజు ఒక్కటే చూచి మోసపోవద్దు. ప్రభుత్వ సొమ్ము ఆలస్యమైతే కళాశాల వారు మనల్ని కట్టమంటారా అన్నది కూడా ముందే తెలుసుకోండి.

4. అప్పు తప్పదనుకొంటే మొదట బ్యాంకుకు వెళ్లండి. బ్యాంకుల విద్యారుణ పథకంలో నాలుగు లక్షల వరకు మన చేతి వాటా గాని, ఆస్తి హామీ గాని అడగరు. ఏడున్నర లక్షల వరకు ఆస్తి తాకట్టు అవసరం లేదు. చదువు కాలం, ఆపై ఒక సంవత్సరం వరకు కంతులు కట్టనక్కరలేదు గాని వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉండి, గుర్తింపు పొందిన సంస్థలో సాంకేతిక, వృత్తి విద్య చదివేవారికి ఆ కాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వం భరించే పథకం ఉన్నది. ఇది మీ సీటుకు వర్తిస్తుందా అని బ్యాంకు మేనేజరును ముందే అడగండి.

5. ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థలు తమ వద్ద అట్టిపెట్టుకోకూడదని యు.జి.సి. 2018లో స్పష్టంగా చెప్పింది. చూపించి, జిరాక్సులిచ్చి, ఒరిజినల్స్ తిరిగి తెచ్చుకోండి.

ఇక నా సలహా ఇది. బిడ్డకు మొదటి మూడేళ్లలో వచ్చే మామూలు జీతంతో తీరగలిగినంత అప్పే చేయండి. కూడు పెట్టే నేలను సీటు కోసం అమ్మకండి. ఉన్న ఆ కొంచెం బావి నేలో, డి.కె.టి. పొలమో పోతే మళ్లీ రాదు. సీటు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వస్తుంది.

కుమార్తెల విషయం

ఇలా లెక్క చూడమని చెప్పినప్పుడల్లా ఒక ప్రమాదం ఉన్నది. ఖర్చు తగ్గించాలనగానే మొదట ఆగిపోయేది ఆడపిల్ల చదువు. అన్నకు లక్షలు పోసి, చెల్లెలిని ఇంటర్‌తో ఆపడం లెక్క కాదు, అన్యాయం. నర్సింగు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసీ వంటి చదువులతో ఇంటిని నిలబెట్టిన కుమార్తెలు మన ప్రతి సంఘంలో ఉన్నారు. ఇద్దరికీ ఒకే కొలత పెట్టండి.

సంఘం ఏమి చేయగలదు?

పదవ తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారం ఆరాధన ముగిశాక ఒక గంట పెట్టుకోవచ్చు. ఉద్యోగాలలో ఉన్న యౌవనస్థులు, రిటైరైన ఉపాధ్యాయులు, బ్యాంకు పని తెలిసినవారు కూర్చుని తల్లిదండ్రుల కాగితాలు చూడవచ్చు. దరఖాస్తు నింపడానికి, బ్యాంకుకు తోడు వెళ్లడానికి డబ్బు అక్కరలేదు, మనిషి కావాలి. పట్టణంలో ఉన్న విశ్వాసులు పల్లె బిడ్డకు ఒక నెల తమ ఇంట చోటిస్తే హాస్టలు అప్పు కొంత తగ్గుతుంది.

ఇప్పటికే అప్పు చేసి, ఉద్యోగం లేని బిడ్డ ఇంట్లో ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. ఆ బిడ్డను ఇతరుల పిల్లలతో పోల్చకండి. అన్నం ముందు కూర్చున్నప్పుడు అప్పు సంగతి ఎత్తకండి. దొరికిన చిన్న పని చేస్తే అవమానమేమీ లేదని ధైర్యం చెప్పండి. సంఘస్థులారా, అతను ఆరాధనకు వచ్చినప్పుడు "ఉద్యోగం వచ్చిందా?" అని అడగకుండా, "బాగున్నావా నాయనా?" అని పలకరించండి. ఆ ఒక్క పలకరింపుతో అతను మళ్లీ పండక్కి ఇంటికి వస్తాడు.