ఆటిజం గలవారికి నిత్య జీవితంలో చేయూత

కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో ఏడెనిమిదేళ్ల బాలుడొకడు చెవులు మూసుకుని కేకలు వేస్తుంటాడు. తల్లి ఎంత బుజ్జగించినా ఊరుకోడు. "పిల్లవాణ్ణి ఆ మాత్రం అదుపులో పెట్టుకోలేరా?" అని వెనుక సీటు నుండి ఎవరో అంటారు. మరునాటి నుండి ఆ తల్లి బస్సు ఎక్కడం మానుకుంటుంది. ఆపై పెళ్లిళ్లకు, గుడికి, చివరకు ఆసుపత్రికి వెళ్లడానికి కూడా వెనుకాడుతుంది. ఆటిజం గల పిల్లలున్న అనేక కుటుంబాలు ఇలాగే క్రమంగా నలుగురికీ దూరమై ఇంటికే పరిమితమవుతున్నాయి.

ఆటిజం అంటువ్యాధి కాదు, పూర్వజన్మ పాపఫలమూ కాదు. తల్లి పెంపకంలో లోపం వల్ల గాని, టీకాల వల్ల గాని అది రాదు. మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే భేదమే దీనికి మూలం. మాట, చూపు, ఇతరులతో మెలగే తీరు వీరిలో వేరుగా ఉంటాయి. శబ్దం, వెలుగు, స్పర్శ వంటివి కొందరిని భరించలేనంతగా బాధిస్తాయి. మనకు మామూలుగా వినిపించే హారన్ మోత వారికి చెవిలో సూది గుచ్చినట్లుండవచ్చు. బస్సులోని బాలుడు అల్లరి చేయడం లేదు, తట్టుకోలేక అరుస్తున్నాడు. అటువంటి సమయంలో మందలింపు బాధను పెంచుతుంది. చుట్టూ మూగకుండా కాస్త చోటు ఇవ్వడం, తల్లి అడిగితే తప్ప బిడ్డను తాకకుండా ఉండడం, నలుగురూ ఒకేసారి మాట్లాడకుండా ఉండడం ఎంతో మేలు చేస్తాయి. కండక్టరు కిటికీ పక్క సీటు ఇప్పించగలిగితే సగం సమస్య తీరినట్లే.

ఊహించని మార్పు వీరిని అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతుంది. అందుచేత బయలుదేరే ముందే ఏమి జరగబోతున్నదో బొమ్మల ద్వారా వరుసగా చూపించాలి. మొదట ఆటో, తరువాత డాక్టరు గారు, ఆ తరువాత ఇల్లు అని మూడు బొమ్మలు ఒక అట్టముక్కపై అంటిస్తే చాలు, ఖర్చేమీ లేదు. బొమ్మలు చూపితే మాటలు రావేమోనని కొందరు పెద్దలు భయపడతారు. ఆ భయం నిరాధారం. మాట రాని బిడ్డకు బొమ్మ కూడా ఒక భాషే.

క్షవరం చేయించడం చాలా ఇళ్లలో పెద్ద పరీక్ష. రద్దీ లేని వేళ సెలూన్‌కు తీసుకువెళ్లి, మొదటి రోజు కుర్చీలో కూర్చోబెట్టి తిరిగి రావచ్చు. మిషన్ మోతకు బెదిరితే కత్తెరతోనే కానివ్వవచ్చు. ఈ రోజు సగం, రేపు సగం అయినా నష్టం లేదు. పనివారు ఓపిక పట్టి సహకరిస్తే అదే పెద్ద ఉపకారం.

పెళ్లిళ్ల విషయానికి వస్తే, సుముహూర్తం శుభలేఖలోనే ముద్రించి ఉంటుంది. గట్టిమేళం ఎప్పుడు మోగుతుందో ముందే తెలుసు కనుక, పది నిమిషాల ముందు బిడ్డను ఆవరణలోకి తీసుకువెళ్లి తరువాత తిరిగి తీసుకురావచ్చు. బంధువులు "మామయ్యకు నమస్కారం పెట్టు, నా వైపు చూడు" అని పట్టుబట్టకపోవడం మంచిది. కళ్లలోకి చూడనంత మాత్రాన వినడం లేదని కాదు. బిడ్డ ఎదుటే అతని గురించి జాలిగా మాట్లాడే అలవాటును మనలో చాలామంది మానుకోవలసి ఉంది.

ఆసుపత్రిలో గంటల తరబడి వరుసలో కూర్చోబెట్టడానికి బదులు, వంతు వచ్చినప్పుడు ఫోన్ చేసి పిలిపించే ఏర్పాటు చేయవచ్చు. స్టెతస్కోపును ముందుగా తల్లికి పెట్టి చూపితే బిడ్డ బెదరడం తగ్గుతుంది. వీరిలో చాలామంది నొప్పిని నోటితో చెప్పలేరు. హఠాత్తుగా తల కొట్టుకోవడం ఎక్కువైతే దానిని ఆటిజంగా కొట్టిపారేయకుండా పన్ను, చెవి, కడుపు పరీక్షించాలి.

అన్నిటికంటే పెద్ద అపాయం, చెప్పకుండా ఇల్లు దాటి వెళ్లిపోవడం. నీటి పట్ల వీరిలో కొందరికి విపరీతమైన ఆకర్షణ ఉంటుంది. బిడ్డ కనిపించకపోతే ముందుగా దగ్గరలోని చెరువు, కాలువ, బావి, సంపు వెతకాలి. ఆ వెంటనే 112కు ఫోన్ చేయాలి. జేబులో తల్లిదండ్రుల ఫోన్ నంబరు గల కార్డు ఉంచడం, వీధిలోని దుకాణదారులకు బిడ్డను ముందే పరిచయం చేయడం అవసరం. "నీ పేరేమిటి?" అని పోలీసులు అడిగితే "నీ పేరేమిటి?" అనే ఆ ప్రశ్ననే తిరిగి పలకవచ్చు. అది ఎగతాళి కాదని సిబ్బంది గ్రహించాలి. పెద్దవారైన ఆటిజం వ్యక్తుల విషయంలో ఈ అపార్థం మరింత ప్రమాదకరం.

చట్టం విషయానికి వస్తే, 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ప్రస్తావనే లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం దానిని గుర్తించింది. 2016లో ఆమోదం పొంది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరణ పొందిన పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా లభిస్తుంది. ధ్రువీకరణలో వైద్యులు వాడే 40 అంశాల కొలమానం 'ఐసా'ను సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ రూపొందించిందన్నది మనకు గర్వకారణం.

ఎదుగుదలలో లోపం ఉందన్న అనుమానం రాగానే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పనిచేసే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి బిడ్డను తీసుకువెళ్లాలి. "మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయిలే" అని ఎదురుచూడటం వల్ల విలువైన కాలం జారిపోతున్నది. బడి ఈడు పిల్లలకు మండలాల్లోని భవిత కేంద్రాలలో ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉంటారు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా పథకం లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులు కూడా ఇందులో చేరి ఉన్నాయి.

తల్లిదండ్రులు తరచుగా మరచిపోయే విషయం మరొకటి ఉంది. 18 ఏళ్లు నిండగానే చట్టం దృష్టిలో బిడ్డ మేజర్ అవుతాడు. సంతకం, ఆస్తి వ్యవహారాలు అతను సొంతంగా నిర్వహించలేని పరిస్థితి ఉంటే, తల్లిదండ్రులు నేషనల్ ట్రస్టు చట్టం ప్రకారం జిల్లా కలెక్టరు సభ్యులుగా గల స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి చట్టబద్ధ సంరక్షకులుగా నియామకం పొందవచ్చు. తమ తదనంతరం బిడ్డను ఎవరు చూసుకుంటారన్న చింతతో కుమిలిపోయే తల్లిదండ్రులు, ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ విషయమై తోబుట్టువులతో, దగ్గరి బంధువులతో మాట్లాడి, కావలసిన పత్రాలను సిద్ధం చేసుకోవడం మంచిది.