పగడపు దీవుల పుట్టుక

నాయిక పెదవిని వర్ణించవలసి వచ్చినప్పుడు మన ప్రబంధకవులు దొండపండుతోపాటు తరచుగా ఆశ్రయించిన ఉపమానం పగడం. సంస్కృతంలో దానికి విద్రుమమనీ, ప్రవాళమనీ పేర్లు. ద్రుమమంటే చెట్టు. ప్రవాళానికి చిగురు అనే అర్థం కూడా ఉంది. కొమ్మలుగా చీలి పెరిగే ఈ వస్తువును పూర్వులు సముద్రంలో మొలిచిన చెట్టుగా భావించారని ఆ పేర్లే సూచిస్తున్నాయి. నవరత్నాలలో చేర్చినవారు దానిని రాయిగా ఎంచారు. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనం దానిని సుంకం చెల్లించవలసిన సరకుగా పేర్కొన్నది. అయితే పగడం చెట్టూ కాదు, రాయీ కాదు. అది ఒక జంతువు దేహం నుండి ఏర్పడిన సున్నపు కట్టడం. పద్దెనిమిదవ శతాబ్ది తొలిభాగంలో పేసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ మాట చెప్పినప్పుడు అక్కడి పండితులు కూడా వెంటనే అంగీకరించలేదు.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. పుస్తెలతాడుకు గుచ్చే ఎర్ర పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రపు మసక వెలుతురులో పెరిగే జాతి. అది దీవులను నిర్మించదు. దీవులను నిర్మించేవి వెచ్చని, లోతు తక్కువైన సముద్రాలలో నివసించే వేరే జాతులు. అవి కట్టిన దిబ్బలనే ప్రవాళ భిత్తికలు అంటారు.

ఈ నిర్మాతను పాలిప్ అంటారు. చాలా జాతులలో దాని పరిమాణం కొన్ని మిల్లీమీటర్లే. మెత్తని సంచి వంటి దేహం, పైన ఒక నోరు, దాని చుట్టూ స్పర్శకాలు ఉంటాయి. రాత్రివేళ స్పర్శకాలను చాచి, వాటిలోని విషకణాలతో నీటిలో తేలియాడే సూక్ష్మజీవులను పట్టి తింటుంది. సముద్రజలం నుండి కాల్షియాన్ని గ్రహించి, తన అడుగున సున్నపు గిన్నెను కట్టుకుంటుంది. ఆ గిన్నెలోనే కాపురం. కాలం గడచినకొద్దీ పాత అడుగుపై కొత్త అడుగు వేసుకుంటూ పైకి జరుగుతుంది. పక్కనుండి మొగ్గ తొడిగి మరొక పాలిప్ పుడుతుంది. ఇలా వేలాది జీవులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఒకే సమూహంగా జీవిస్తాయి.

ఇంత నిర్మాణానికి శక్తి ఎక్కడిది? పాలిప్ కణాలలో అతి సూక్ష్మమైన శైవలాలు నివసిస్తాయి. అవి సూర్యకాంతితో ఆహారాన్ని తయారుచేసి, అందులో అధికభాగాన్ని ఆతిథ్యమిచ్చిన జీవికే అందిస్తాయి. అందుకు ప్రతిగా వాటికి నీడ, కార్బన్ డయాక్సైడు, పోషకాలు లభిస్తాయి. పగడానికి రంగునిచ్చేవి కూడా ముఖ్యంగా ఇవే. ఇంటి యజమాని అద్దె తీసుకోవడమే గాక అన్నం కూడా అద్దెకున్నవారి వంటింటినుండే తింటున్నాడన్నమాట!

దిబ్బ పెరుగుదల కేవలం పాలిప్‌ల పని కాదు. గట్టి సున్నపు పొరలుగా పెరిగే మరొక రకం శైవలాలు విరిగిన ముక్కలను సిమెంటు వలె అతికిస్తాయి. చిలుకచేపలు తమ బలమైన పళ్లతో పగడాన్ని గీకి తిని, అరగని సున్నాన్ని ఇసుకగా విసర్జిస్తాయి. లక్షద్వీపాలలోని తెల్లని ఇసుకలో కొంత ఇలా చేపల పొట్టలోనుండి వచ్చినదే. ఒకవైపు కట్టడం, మరొకవైపు అరుగుదల. కట్టేది ఎక్కువైనంతకాలమే దిబ్బ నిలుస్తుంది. గుండ్రాళ్ల వలె పెరిగే జాతులు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గొప్ప. కొమ్మల జాతులు కొంత వేగంగా పెరిగినా తుఫానుకు విరిగిపోతాయి.

వెలుతురు కావలసిన ఈ జీవులు నడిసముద్రంలో, అగాధం మీద వలయాకారపు దీవులను ఎలా కట్టగలిగాయి? ఈ ప్రశ్నకు చార్లెస్ డార్విన్ 1842లో ప్రచురించిన గ్రంథంలో సమాధానం చెప్పాడు. అగ్నిపర్వత ద్వీపపు ఒడ్డును ఆనుకొని మొదట అంచు భిత్తిక ఏర్పడుతుంది. ద్వీపం మెల్లగా కుంగుతుంటే పగడాలు వెలుతురు కోసం పైపైకి కట్టుకుంటూ పోతాయి. ఒడ్డుకూ దిబ్బకూ మధ్య నీరు చేరి అది అవరోధ భిత్తిక అవుతుంది. చివరకు పర్వతం పూర్తిగా మునిగి వలయం మాత్రమే మిగులుతుంది. 1952లో పసిఫిక్ సముద్రంలోని ఎనివెటాక్ దీవిలో రంధ్రం తొలిచినప్పుడు, పన్నెండువందల మీటర్లకు పైగా సున్నపురాయి దాటిన తరువాత అగ్నిపర్వత శిల తగిలింది. డార్విన్ ఊహ నిజమైంది. మన లక్షద్వీపాలు కూడా ఇటువంటి వలయాలే. వికారాబాద్ కొండలలో కనిపించే నల్లరాతిని ఏ భూగర్భ తాపం వెలువరించిందో, ఆ దీవుల కింది పర్వతశ్రేణిని పేర్చినది కూడా అదేనని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

మరి పొడవైన తెలుగు తీరంలో ఇటువంటి దిబ్బలు ఎందుకు లేవు? దీనికి సమాధానం సముద్రంలో కాదు, నేలమీద ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా తెలకపల్లి వంటి ఎర్రనేలల ఊళ్లలో వాన కురిస్తే వాగునీరు మట్టిరంగుకు తిరుగుతుంది. ఆ నీరు చివరకు కృష్ణలో కలుస్తుంది. కృష్ణా గోదావరులు వేల ఏండ్లుగా ఇటువంటి ఒండ్రును మోసుకువచ్చి తీరాన పోశాయి. శ్రీశైలం, నాగార్జునసాగర్ ఆనకట్టలు ఇప్పుడు కృష్ణ ఒండ్రును చాలావరకు ఆపుతున్నా, తీరపు అడుగు ఆ బురదతో ఏర్పడినదే. పగడపు పిల్లజీవి గట్టి రాయిమీదనే నిలువగలదు. మురికినీరు వెలుతురును అడ్డుతుంది, మంచినీరు ఉప్పదనాన్ని తగ్గిస్తుంది. మనకు అన్నం పెట్టిన ఒండ్రే పగడానికి గొంతు నొక్కింది. విశాఖ తీరపు రాతినేలలపై పగడపు జీవులు అక్కడక్కడ కనిపిస్తాయి గాని, పెద్ద దిబ్బలుగా ఎదగలేదు.

అదే బంగాళాఖాతానికి ఆవలి అంచున, పెద్ద నదులు లేని అండమాన్ దీవుల చుట్టూ విస్తారమైన దిబ్బలున్నాయి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుండి వలస వెళ్లిన ఎన్నో తెలుగు మత్స్యకార కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. చేపలు గుడ్లు పెట్టేదీ, పిల్లలు దాగి పెరిగేదీ ఆ దిబ్బలలోనే. అలల తాకిడిని తగ్గించి తీరాన్ని కాపాడేవీ అవే. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో ఉత్తర అండమాన్ ప్రాంతపు దిబ్బలు కొన్నిచోట్ల మీటరుకు పైగా పైకి లేచి, నీరు వీడి, ఎండకు మాడిపోయాయి.

అది ప్రకృతి చేసిన పని. ఇప్పుడు అంతకంటె తరచుగా వస్తున్న ఆపద వేడి. వేసవిలో ఉండే అత్యధిక ఉష్ణోగ్రతకు మించి సముద్రం ఒక్క డిగ్రీ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పాలిప్ తనలోని శైవలాలను వెళ్లగొడుతుంది. రంగు పోయి తెల్లని సున్నం బయటపడుతుంది. తెల్లబారిన పగడం అప్పటికి చనిపోలేదు, ఆకలితో ఉన్నది. నీరు త్వరగా చల్లబడితే శైవలాలు తిరిగి చేరుతాయి. లేకపోతే అది మరణిస్తుంది. తీవ్రంగా దెబ్బతిన్న దిబ్బ కోలుకోవడానికి సుమారు పదేళ్లు, కొన్నిచోట్ల అంతకు మించి పడుతుంది. లక్షద్వీపాలలో 1998లో పగడాలు పెద్దయెత్తున తెల్లబారాయి. తరువాత 2010లో, ఆపైన 2016లో, మళ్లీ 2024లో అదే జరిగింది. మొదటి విరామం పన్నెండేళ్లు, రెండవది ఆరేళ్లు, మూడవది ఎనిమిదేళ్లు.