స్కీ రిసార్ట్: ఏటా సీజన్ పాస్ కొనేవాళ్లే.. ఏకంగా రిసార్ట్‌నే కొనేశారు! అమెరికాలో కిల్లింగ్టన్ కథేంటంటే?

ఏళ్ల తరబడి టికెట్ కొనుక్కుని వచ్చిన కస్టమర్లే ఒకరోజు ఓనర్లు అయిపోతే? అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో అచ్చంగా ఇదే జరిగింది. తూర్పు అమెరికాలోనే అతి పెద్ద స్కీ రిసార్ట్‌గా పేరున్న కిల్లింగ్టన్, దాని పక్కనే ఉన్న పికో.. ఈ రెండింటినీ అక్కడే ఇళ్లున్న, అక్కడే దశాబ్దాలుగా స్కీయింగ్ చేస్తున్న కుటుంబాలు కొనేశాయి. 2024 ఆగస్టు 22న ఈ డీల్ బయటకు వచ్చింది. అమ్మింది యూటా రాష్ట్రానికి చెందిన పౌడర్ కంపెనీ. కొన్నది కిల్లింగ్టన్ ఇండిపెండెన్స్ గ్రూప్. దీనికి ముందున్నది ఫిల్ గ్రాస్, మైఖేల్ ఫెర్రీ అనే ఇద్దరు. ఎంతకు కొన్నారో మాత్రం చెప్పలేదు.

ఓ కొండ చేతులు మారితే అంత పెద్ద వార్త ఎందుకైంది?

కిల్లింగ్టన్ ఊరి జనాభా దాదాపు 1,400. మన దగ్గర ఓ చిన్న పంచాయతీ అంత. కానీ చలికాలం వచ్చిందంటే బోస్టన్, న్యూయార్క్ వైపు నుంచి కార్లు బారులు తీరతాయి. హోటళ్లు, రెస్టారెంట్లు, స్కీ సామాన్లు అద్దెకిచ్చే షాపులు, స్కీయింగ్ నేర్పే కోచ్‌లు.. అందరి బతుకూ ఆ కొండ మీదే. లిఫ్టులు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది రిసార్ట్ ఓనర్ ఇష్టం. ఆ ఓనర్ వేల కిలోమీటర్ల దూరంలో కూర్చుంటే ఊరికి గుబులే మరి.

అన్నట్టు ఈ ఊరివాళ్లు మామూలోళ్లు కాదు. పన్నులు ఎక్కువయ్యాయని 2004లో ఏకంగా వెర్మాంట్ నుంచి విడిపోయి, పక్కనున్న న్యూ హాంప్‌షైర్‌లో కలుస్తామని ఓటేశారు. అది జరగలేదు కానీ, బయటివాళ్ల పెత్తనం అంటే ఇక్కడ ఎలా చూస్తారో అర్థమవుతుంది.

చేతులు మారిన చరిత్ర

కిల్లింగ్టన్ 1958 డిసెంబర్ 13న మొదలైంది. ప్రెస్టన్ స్మిత్ అనే యువకుడు దీన్ని నిలబెట్టాడు. పికో ఇంకా పాతది, 1937 నాటిది. ఓ కుటుంబం మొదలుపెట్టిన చిన్న స్కీ కొండ అది. ఆ ఇంటి అమ్మాయి ఆండ్రియా మీడ్ లారెన్స్ 1952 ఓస్లో ఒలింపిక్స్‌లో రెండు గోల్డ్ మెడల్స్ కొట్టింది.

1996లో అసలు మలుపు. అమెరికన్ స్కీయింగ్ కంపెనీ అనే సంస్థ వరుసపెట్టి రిసార్టులు కొంటూ కిల్లింగ్టన్‌నూ, పికోనూ కలిపేసుకుంది. మరుసటి ఏడాదే స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. తర్వాత అప్పుల్లో కూరుకుపోయి ఒక్కో రిసార్టూ అమ్ముకుంటూ వచ్చింది. 2007లో పౌడర్, ఎస్‌పీ ల్యాండ్ అనే మరో కంపెనీ కలిసి 8.35 కోట్ల డాలర్లకు కిల్లింగ్టన్, పికోలను తీసుకున్నాయి. రిసార్ట్ నడిపే పని పౌడర్‌కు, కింద ఊరు కట్టాల్సిన భూమి ఎస్‌పీ ల్యాండ్‌కు వెళ్లాయి. ఈ పాయింట్ గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

పౌడర్ రాగానే చేసిన ఓ పని జనానికి బాగా కోపం తెప్పించింది. రిసార్ట్ మొదలైన రోజుల్లో డబ్బు పెట్టినవాళ్లకు లైఫ్‌టైమ్ పాస్‌లు ఇచ్చారు. మధ్యలో ఓనర్లు మారినా అవి నడిచాయి. పౌడర్ వాటిని చెల్లవు పొమ్మంది. పాస్ ఉన్నవాళ్లు కోర్టుకు వెళ్లినా తీర్పు అనుకూలంగా రాలేదు. చట్టప్రకారం కంపెనీదే రైట్ కావచ్చు. కానీ కష్టకాలంలో చేయి అందించినవాళ్లను పక్కన పెట్టేశారన్న మాట మాత్రం ఊళ్లో ఉండిపోయింది.

ఇంతకీ కొన్నదేంటి?

కొండ మొత్తం వాళ్ల సొంతం అనుకుంటే పొరపాటే. స్కీయింగ్ జరిగే భూమిలో కొంత వెర్మాంట్ ప్రభుత్వానిది, లీజు మీద నడుస్తుంది. కొన్నవాళ్లకు ప్రధానంగా దక్కింది లిఫ్టులు, మంచు తయారుచేసే మెషీన్లు, బిల్డింగులు, బిజినెస్.

మంచు తయారు చేయడమేంటి అనుకోవచ్చు. తూర్పు అమెరికాలో ఇప్పుడు ఆకాశం నుంచి పడే మంచును నమ్ముకుంటే వ్యాపారం సాగదు. ఓ వారం మంచు పడుతుంది, మరో వారం వాన కొట్టి మొత్తం కరిగిపోతుంది. అందుకే నీళ్లను పంపులతో కొండపైకి ఎక్కించి, గాలి ఒత్తిడితో సన్నటి తుంపరలుగా చిమ్ముతారు. బయట చలి తగినంత ఉంటే కింద పడేలోపే గడ్డకట్టి మంచైపోతుంది. కిల్లింగ్టన్‌లో సూపర్‌స్టార్ అనే వాలు మీద ఇలా మంచును గుట్టలుగా పోస్తారు. అందుకే చుట్టూ చెట్లు చిగురించాక కూడా అక్కడ స్కీయింగ్ నడుస్తుంది. కొన్నేళ్లు జూన్ దాకా లాగించారు!

దీనికి కరెంటు, నీళ్లు, పైపులు, మనుషులు.. ఖర్చు మామూలుగా ఉండదు. చిన్న ఓనర్లు తట్టుకోలేక పెద్ద కంపెనీలకు అమ్ముకోవడానికి ఇదో కారణం. రెండో కారణం మల్టీ పాస్‌లు. వెయిల్ రిసార్ట్స్ 2008లో ఎపిక్ పాస్, ఆల్టెరా కంపెనీ 2018లో ఐకాన్ పాస్ తెచ్చాయి. ఒక్క పాస్‌తో బోలెడు రిసార్టుల్లో తిరగొచ్చు. సీజన్‌కు ముందే డబ్బు కట్టించుకుంటారు కాబట్టి మంచు పడినా పడకపోయినా కంపెనీ సేఫ్. వెర్మాంట్‌లోనే స్టో, ఒకేమో, మౌంట్ స్నో వెయిల్ చేతికి వెళ్లాయి. స్ట్రాటన్, షుగర్‌బుష్ ఆల్టెరా దగ్గరున్నాయి. ఇలాంటి టైమ్‌లో కిల్లింగ్టన్ లాంటి పెద్ద రిసార్ట్ సొంతంగా నిలబడటం అరుదే.

కొత్త ఓనర్లు ఏం చేశారు?

రాగానే ఖర్చు మొదలుపెట్టారు. రెండేళ్లలో 3 కోట్ల డాలర్లకు పైగా, అంటే మన లెక్కలో సుమారు 250 కోట్ల రూపాయలు పెడతామన్నారు. సూపర్‌స్టార్ దగ్గర పాత లిఫ్ట్ తీసేసి ఒకేసారి ఆరుగురు కూర్చునే కొత్తది, గొండోలాకు కొత్త క్యాబిన్లు, మంచు మెషీన్లు.. ఇదీ ప్లాన్. ఈ పనుల వల్ల ఓ నష్టం కూడా జరిగింది. 2016 నుంచి థ్యాంక్స్‌గివింగ్ వారాంతంలో ఇక్కడ మహిళల స్కీ వరల్డ్ కప్ రేసులు జరుగుతుండేవి. లిఫ్ట్ పనులున్నాయని 2025లో అవి కొలరాడోలోని కాపర్ మౌంటెన్‌కు వెళ్లాయి. ఆ కాపర్ ఎవరిదో తెలుసా? కిల్లింగ్టన్‌ను అమ్మిన పౌడర్‌దే!

స్థానికులు అంటే ఎవరు?

ఇక్కడే కాస్త ఆగి చూడాలి. ఫిల్ గ్రాస్ ఆ కొండ కింద టీ కొట్టు నడిపే మనిషి కాదు. బోస్టన్‌లో అడేజ్ క్యాపిటల్ అనే పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ సంస్థను స్థాపించినవాళ్లలో ఒకరు. కిల్లింగ్టన్‌లో ఇల్లుంది, ఏటా వస్తారు, ఆ లెక్కన స్థానికుడే. పౌడర్ కూడా పూర్తిగా పోలేదు, చిన్న వాటా ఉంచుకుంది. డీల్ తర్వాత రిసార్ట్‌ను నడిపించే బాధ్యతలో పాత మనిషి మైక్ సోలిమానోనే కొనసాగారు. ఐకాన్ పాస్ కూడా కొనసాగింది. అంటే రాత్రికి రాత్రి టికెట్ రేటు తగ్గిపోలేదన్నమాట.

నిజంగా జనం కొన్న కొండ చూడాలంటే అదే వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్ ఉంది. 1995లో స్కీయర్లే షేర్లు కొని, మన పాల సొసైటీల మాదిరి కోఆపరేటివ్‌గా మార్చుకున్నారు. కిల్లింగ్టన్‌ది ఆ పద్ధతి కాదు. ఇక్కడ ఊరివాళ్లకు ఓటు లేదు. మారిందల్లా లాభం ఎటు వెళ్తుందన్నదే. పౌడర్‌కు వేరే రాష్ట్రాల్లోనూ రిసార్టులున్నాయి, కిల్లింగ్టన్‌లో వచ్చిన డబ్బు ఇంకోచోట పెట్టొచ్చు. కొత్త ఓనర్లు మాత్రం లాభాన్ని ఇక్కడే తిరిగి పెడతామని చెబుతున్నారు. లిఫ్ట్ క్యూలో వాళ్లూ నిలబడతారు కాబట్టి సమస్య కళ్ల ముందే కనిపిస్తుంది. ఇది చిన్న విషయమేం కాదు.

దూరపు ఓనర్ చేతిలో ఎంత నష్టం జరుగుతుందో వెర్మాంట్‌కు బాగా తెలుసు. అమెరికాలోని మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఈబీ-5 వీసా గుర్తుందా? ఒక్కొక్కరు 5 లక్షల డాలర్లు పెడితే గ్రీన్‌కార్డ్ అంటూ జే పీక్, బర్క్ రిసార్టుల పేరుతో పదుల దేశాల ఇన్వెస్టర్ల నుంచి డబ్బు సేకరించారు. అందులో భారీ మోసం జరిగిందని 2016లో అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ కేసు పెట్టింది. ఓనర్ ఎరియల్ క్విరోస్‌కు 2022లో 5 ఏళ్ల జైలు శిక్ష పడింది. రిసార్టులు కోర్టు నియమించిన రిసీవర్ చేతికి వెళ్లాయి. బర్క్ అయితే ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. చివరికి 2025లో దాన్నీ దగ్గరివాళ్లే కొన్నారు. కొన్నవాళ్లలో అక్కడి స్కీ స్కూల్ కూడా ఉంది. స్టార్ స్కీయర్ మికేలా షిఫ్రిన్ చదివింది ఆ స్కూల్లోనే.

ఇక కిల్లింగ్టన్‌లో అసలు సస్పెన్స్ కొండ కింద ఉంది. ముందు చెప్పుకున్న భూమి గుర్తుందిగా? ఎస్‌పీ ల్యాండ్ నుంచి అది గ్రేట్ గల్ఫ్ అనే కెనడా రియల్ ఎస్టేట్ కంపెనీకి వెళ్లింది. ఇళ్లు, షాపులు, హోటల్‌తో అక్కడ కొత్త విలేజ్ ప్లాన్ చేస్తోంది. లిఫ్టులు దగ్గరివాళ్ల చేతికి వచ్చాయి కానీ, వాటి ముందున్న ఆ స్థలం మాత్రం రాలేదు.