మీకు తెలుసా? తన పరీక్ష తానే రాసి జైలు దాటిన ప్రొఫెసర్

తిమోతీ లియరీ అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త. 1960లో మెక్సికోలోని కుయెర్నవాకాలో భ్రాంతి కలిగించే పుట్టగొడుగులు తిన్నాక ఆయన దారే మారిపోయింది. హార్వర్డ్‌లో సహచరుడు రిచర్డ్ అల్పెర్ట్‌తో కలిసి ఆ పుట్టగొడుగుల్లోని సైలోసైబిన్ అనే పదార్థంపై ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1963లో విశ్వవిద్యాలయం ఇద్దరినీ సాగనంపింది. 1967 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో వేలమంది యువత ఆయన మాటలకు చెవులప్పగించారు.

1970లో గంజాయి కేసులో జైలుకు వెళ్లాడు. ఖైదీలకు పెట్టే మానసిక పరీక్షల్లో కొన్ని తన పరిశోధన నుంచి పుట్టినవేనని, అందుకే సాధుస్వభావిలా కనబడేలా జవాబులు రాశానని తర్వాత చెప్పుకున్నాడు. కాపలా తక్కువున్న జైలు దక్కింది. సెప్టెంబరులో ఒక రాత్రి పైకప్పెక్కి, తీగ పట్టుకుని పాకుతూ కంచె దాటేశాడు! 1973లో కాబూల్‌లో పట్టుబడ్డాడు.

అల్పెర్ట్ కథ మనకు దగ్గరిది. 1967లో భారత్ వచ్చి, ఆధ్యాత్మిక గురువు నీమ్ కరోలీ బాబా శిష్యుడై, రామ్ దాస్‌గా తిరిగి వెళ్లాడు.

ఇక లియరీ ప్రయోగాల విషయానికొస్తే, ఖైదీలకు సైలోసైబిన్ ఇస్తే మళ్లీ నేరాల జోలికి వెళ్లడం తగ్గుతుందని ఆయన గట్టిగా ప్రచారం చేశాడు. 1998లో ఆ ప్రయోగాల పాత రికార్డులు తిరగేస్తే ఆ మాట నిలబడలేదు. శాస్త్రవేత్తకు ఇది చిన్న తప్పు కాదు. ఆ ఆర్భాటం వల్ల అసలైన పరిశోధనకూ దెబ్బ తగిలింది. 2006లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం సైలోసైబిన్ అధ్యయనం వెలువడ్డాకే అది మళ్లీ ఊపందుకుంది.

ఇక మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద, ఇలాగే భ్రాంతి కలిగించే ఎల్‌ఎస్‌డీ దగ్గర ఉంచుకోవడమే నేరం.