మందు గొర్రెకు, పురుగు కుక్కలో

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణదే మొదటి స్థానం: సుమారు 1.9 కోట్లు. 2017లో మొదలైన పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. ఈ మందలకు నట్టల మందు పోయించడం గొల్ల కురుమలకు అలవాటే. మంద వెంట తిరిగే కుక్క కడుపులో ఏముందన్నది మాత్రం అంతగా పట్టదు. హైడాటిడ్ వ్యాధికి మూలం అక్కడే ఉంది.

దీనికి కారణం ఎకైనోకోకస్ గ్రాన్యులోసస్ అనే బద్దెపురుగు. పొడవు 2 నుంచి 7 మిల్లీమీటర్లే. కుక్క చిన్నపేగులో వేల పురుగులున్నా కుక్క హుషారుగానే ఉంటుంది. దాని మలంతో గుడ్లు బయటపడి గడ్డికి, మట్టికి అంటుకుంటాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు పెరుగుతాయి. యాటను కోసినప్పుడు ఆ తిత్తులున్న ముక్కను కుక్కకు విసిరితే, ఒక్కో తిత్తిలోని వందల పిల్లపురుగులు మళ్లీ దాని పేగుకు చేరతాయి.

మనిషి ఈ చక్రంలోకి పొరపాటున వస్తాడు. వరంగల్ పల్లెల్లో కోతలయ్యాక ఎరువు కోసం పొలాల్లో మందలు పెట్టిస్తారు. మందతోపాటు కుక్కా అక్కడే పడుకుంటుంది. ఆ మట్టి అంటిన చేయి, సరిగా కడగని ఆకుకూర, కుక్కను నిమిరి అన్నం ముద్ద పట్టిన వేళ్లు చాలు, గుడ్డు కడుపులో పడటానికి. అందుకే మటన్ ముట్టనివారికీ ఈ జబ్బు రావచ్చు. మటన్ తిన్నంత మాత్రాన రాదు.

కడుపులో పడ్డ గుడ్డు నుంచి పిల్లపురుగు వెలువడి, పేగు గోడను తొలుచుకుని రక్తంలో కలుస్తుంది. ఎక్కువగా కాలేయంలో, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేస్తుంది. తిత్తి ఏళ్ల తరబడి నొప్పి లేకుండా పెరిగి, చాలాసార్లు వేరే పనిమీద తీయించిన స్కానింగ్‌లో బయటపడుతుంది. లోపలే పగిలితే ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు. చికిత్సకు ఆల్బెండజోల్ మాత్రలు, సూదితో నీరు తీయడం, శస్త్రచికిత్స ఉన్నాయి.

1860లలో ఐస్‌లాండ్‌లో ఈ జబ్బు విపరీతంగా ఉండేది. పురుగు కథను వివరించే చిన్న పుస్తకాన్ని అక్కడ ఇంటింటికీ పంచారు. కుక్కలకు పచ్చి పేగులు, కార్జాలు పెట్టడం మాన్పించి, చివరికి జబ్బునే తరిమేశారు.

మనమూ దసరాకు యాట కోసినప్పుడు తిత్తులున్న భాగాలను లోతుగా పాతిపెట్టవచ్చు. మంద కుక్కకు మూడు నెలలకోసారి, పశువైద్యుడు చెప్పిన మోతాదులో ప్రాజిక్వాంటెల్ వేయించవచ్చు. ఆ ఖర్చు ఒక ఆపరేషన్ ఖర్చు ముందు లెక్కలోకి కూడా రాదు.