మీకు తెలుసా? వార్తను దాచమన్న వైద్యుడు
ఎలియా కజాన్ దర్శకత్వంలో 1950లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘పానిక్ ఇన్ ది స్ట్రీట్స్’లో, న్యూ ఆర్లియన్స్ రేవు ప్రాంతంలో హత్యకు గురైన వ్యక్తికి న్యుమోనిక్ ప్లేగు, అంటే ఊపిరితిత్తులకు సోకి దగ్గు తుంపరల ద్వారా వ్యాపించే ప్లేగు, ఉన్నట్లు తేలుతుంది. హంతకులకూ అది అంటుకొని ఉండవచ్చు కనుక 48 గంటల్లో వారిని పట్టుకోవాలని ప్రజారోగ్య అధికారి క్లింటన్ రీడ్ మేయర్‌తోనూ పోలీసులతోనూ వాదిస్తాడు. విచిత్రమేమిటంటే, జనం భయపడి ఊరు విడిస్తే వ్యాధి మరింత పాకుతుందన్న తర్కంతో, సంగతి పత్రికలకు పొక్కకూడదని పట్టుబట్టేదీ ఆయనే. చిత్రం ఆ గోప్యతను తప్పుపట్టదు సరికదా, కర్తవ్యంగానే చూపుతుంది. 2011 నాటి మరో అంటువ్యాధి చిత్రం ‘కంటేజియన్’లోనైతే కేట్ విన్స్‌లెట్ పోషించిన వైద్యురాలు, ఒక్కో రోగి నుంచి సగటున ఎందరికి సోకుతుందో తెలిపే ‘ఆర్-నాట్’ సంఖ్యను బోర్డుపై రాసి, అంతగా నమ్మకం కుదరని అధికారులకు ఓపికగా వివరిస్తుంది.